భయానికి రుజువు

"ఏ దేశమమ్మా?" అన్నాడు రైల్వే పోలీసు కానిస్టేబులు, పెన్ను ఆపి.

2019 జనవరి. పొద్దున్న తొమ్మిది కావస్తోంది. చార్మినార్ ఎక్స్‌ప్రెస్‌లో చెన్నై నుంచి వచ్చిన నా స్నేహితురాలు నా పక్కన బెంచీ మీద కూర్చుని ఉంది. కాజీపేట దగ్గర మెలకువ వచ్చి చూసుకుంటే తల కింద పెట్టుకున్న చేతిసంచి లేదు. అందులో డబ్బు తక్కువే. కళ్ళజోడు, ఫోను చార్జరు, ఒక తమిళ కవిత్వపు పుస్తకం. వీటితోపాటు కెనడా ప్రభుత్వం ఇచ్చిన శాశ్వత నివాసి కార్డు, శరణార్థి ప్రయాణపత్రం.

ఆమె నోరు విప్పకముందే నేను "కెనడా" అన్నాను. ఆమె నా చెయ్యి నొక్కింది. "కాదు, నేను కెనడా పౌరురాల్ని కాను" అంది ఇంగ్లీషులో. "మరి శ్రీలంకనా?" అన్నాడాయన, ఆమె మొహం చూసి, మాట విని. "పుట్టింది అక్కడే. కానీ అది రాయొద్దని చెప్పక్కా" అంది నాతో. ఆయనకి విసుగు రాలేదు. "ఏదో ఒకటి ఉండాలె కదమ్మా. గడి ఖాళీ వదిలితే సారు ఒప్పుకోడు" అన్నాడు. చివరికి శరణార్థి అన్న మాట తట్టింది నాకు. ఆయన మొహం విప్పారింది. "బాలాపూర్ల రొహింగ్యాలున్నరు, అట్లనా?" అట్లానే, కొంచెం తేడాతో, అన్నాను. ఆ తేడా ఏమిటో అప్పటికి నాకూ సరిగ్గా తెలీదు.

ఆమె పేరు ఇక్కడ రాయను. నన్ను అక్కా అంటుంది. నాకొచ్చిన నాలుగు తమిళ మాటల్లో ఒకటైన తంగచ్చి అన్న మాటతో నేనామెని పిలుస్తాను. ఇక్కడా అలాగే రాస్తాను. కిళినొచ్చి పక్క పల్లె. 2009 మేలో యుద్ధం ముగిశాక ముళ్ళకంచెల శిబిరంలో కొన్ని నెలలు ఉంది. తర్వాత ఎలా బయటపడిందో, ఏయే దేశాల మీదుగా టొరంటో చేరిందో నాకు ముక్కలు ముక్కలుగానే తెలుసు. పగలు అక్కడ ఒక వృద్ధాశ్రమంలో పని, రాత్రి అనువాదాలు. ఏడేళ్ళ కూతురు. భర్త సంగతి ఆమె చెప్పదు, నేనడగను. హైదరాబాదులో స్త్రీల యుద్ధ కథనాల మీద జరిగిన సదస్సుకి వచ్చింది. సదస్సు ఒక సాకు కూడా. శరణార్థి పత్రంతో ఆమె వెళ్ళలేని దేశం ఒకే ఒక్కటి, అమ్మ ఉన్న దేశం. అందుకని అమ్మనే కంటి ఆపరేషన్ పేరుతో చెన్నై రప్పించుకుంది. పదేళ్ళ తర్వాత తల్లీ కూతుళ్ళు అయిదు రోజులు ఒక గదిలో ఉన్నారు. తల్లి కొలంబో విమానం ఎక్కిన సాయంత్రమే ఈమె రైలెక్కింది.

ఆ పత్రం గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే మనలో చాలామందికి పాస్‌పోర్టు అంటే ఒకటే తెలుసు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత దేశం పోయిన రష్యన్ల కోసం 1922లో నాన్సెన్ పేరుతో ఇలాంటి కాగితం మొదలైంది. ఇప్పుడున్నది 1951 జెనీవా ఒడంబడిక 28వ అధికరణం కింద ఇచ్చేది. చూడ్డానికి పాస్‌పోర్టులాగే ఉంటుంది. యంత్రం చదివే వరసలో దేశం పేరు ఉండాల్సిన చోట మూడక్షరాలుంటాయి: ఎక్స్ ఎక్స్ బి. 1951 ఒడంబడిక నిర్వచించిన శరణార్థి అని దాని అర్థం. ఈ పుస్తకం చూపిస్తే మన దేశపు ఈ-వీసా రాదు. కాగితపు వీసాకి దరఖాస్తు పెట్టుకుని కాచుకోవాలి.

ఒడంబడిక చివర ఈ పత్రాల గురించి ఒక అనుబంధం ఉంది. దాన్ని నేను ఆ నెలలోనే మొదటిసారి చదివాను. పదమూడో పేరా ఒక చేత్తో ఇస్తుంది: పత్రం చెల్లుబాటులో ఉన్నంతకాలం, ఇచ్చిన దేశం ఆ మనిషిని ఎప్పుడైనా తిరిగి రానివ్వాలి. పదహారో పేరా ఇంకో చేత్తో తీసుకుంటుంది: ఈ పత్రం ఉన్నంత మాత్రాన, ఇచ్చిన దేశపు దౌత్య కార్యాలయాల రక్షణ కోరే హక్కు ఆ మనిషికి రాదు. అంటే ఇంటికి రావచ్చు, దారిలో ఏమన్నా అయితే నువ్వు నా మనిషివని మాత్రం అనలేను. ఇక ఆ పత్రమే పోతే?

పోతే పద్ధతి ఉంది. అది లేదనడం అన్యాయం. పోలీసుల దగ్గర ఫిర్యాదు కాగితం తీసుకోవాలి. దగ్గర్లోని కెనడా కార్యాలయానికి చెప్పాలి. శాశ్వత నివాసి కార్డు లేకుండా విమానం ఎక్కాలంటే ఒక ప్రయాణపత్రానికి దరఖాస్తు పెట్టాలి, రుసుం యాభై కెనడా డాలర్లు. గడిచిన అయిదేళ్ళలో కనీసం 730 రోజులు ఆ దేశంలో ఉన్నట్టు చూపించాలి. పుస్తకం లేనివాళ్ళకి ఒక్క ప్రయాణానికి చెల్లే కాగితం ఇవ్వడానికి వాళ్ళకి వీలుంది. ఇటు మన దేశం వదలడానికి విదేశీయుల రిజిస్ట్రేషన్ కార్యాలయం నుంచి ఎగ్జిట్ పర్మిట్ కావాలి, ఎందుకంటే వీసా కూడా ఆ పుస్తకంతోనే పోయింది. ఫోన్లో మాట్లాడిన ఉద్యోగులంతా మర్యాదగానే మాట్లాడారు. అయినా ఒక్కొక్క కాగితం ఇంకో కాగితాన్ని అడిగేది. తానెవరో రుజువు చేసే కాగితం పోయిందని చెప్పడానికి తానెవరో రుజువు చెయ్యాలి.

ఆమెని కాపాడింది ఫారం సి. విదేశీయులు ఎవరింట్లో దిగినా ఇంటివాళ్ళు ఇరవైనాలుగు గంటల్లో వివరాలు నమోదు చెయ్యాలన్న రూలు. సదస్సు ముందు ఆమె మా ఇంట్లో దిగినప్పుడు, స్నేహితురాలి మీద పోలీసు రిపోర్టు రాస్తున్నట్టుందని సిగ్గుపడుతూనే ఆమె పుస్తకం, కార్డు జిరాక్సు తీయించాను. నిఘా కోసం పుట్టిన ఆ రూలు వల్ల మిగిలిన రెండు జిరాక్సు కాగితాలే ఆమె పేరుకీ పుట్టినరోజుకీ సాక్ష్యమయ్యాయి. దీన్నుంచి ఏ సిద్ధాంతం తీయాలో నాకు తెలీదు. చెన్నైలో ఇంకో రెండు రోజులు ఉండి తల్లి ఆస్పత్రి బిల్లులు చూసుకోవాల్సి వచ్చినప్పుడు ఒక లాడ్జి వాళ్ళు గది ఇవ్వలేదు. చేతిలో పుస్తకం లేదుగా మరి. రాత్రి రైలుకి వెనక్కి వచ్చేసింది.

మా ఇంట్లో వంట చేసే ఆవిడది రాయచోటి. కువైట్‌లో ఆరేళ్ళు ఇంటిపని చేసింది. పాస్‌పోర్టు సేఠు దగ్గరే ఉండేది. 2018లో అక్కడి ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటించినప్పుడు బయటపడి వచ్చింది. తంగచ్చి కథ విని ఆవిడ అంది, "అంత ఆలోచన ఎందుకమ్మా? వాళ్ళ ఎంబసీకి పోతే ఔట్‌పాస్ ఇస్తారు కదా. నాకట్లనే ఇచ్చిరి."

ఔట్‌పాస్ అని గల్ఫ్‌లో మనవాళ్ళు పిలిచేది ఎమర్జెన్సీ సర్టిఫికెట్. స్వదేశానికి ఒక్కసారి వెళ్ళడానికి మాత్రమే పనికొస్తుంది. అది చేతికొచ్చేలోపు కోనసీమ, కడప ఆడవాళ్ళు ఎంబసీ వాకిట్లో ఎన్ని రోజులు పడిగాపులు పడతారో మనకి తెలుసు. అయినా ఆ పడిగాపుల కింద ఒక నేల ఉంది. ఆ వాకిట్లో కూర్చుని "నేను మీ దాన్ని" అని అరవచ్చు. విననట్టు నటించవచ్చుగానీ కాదనలేరు. తంగచ్చికి ఉన్న చిక్కంతా అక్కడే. కాదనని దేశం ఒకటుంది. దాని దగ్గరికే ఆమె వెళ్ళకూడదు. "మా వాళ్ళ ఎంబసీకి నేను పోకూడదు" అని తంగచ్చి చెప్తే, వంటావిడ ఒక నిమిషం ఆలోచించి, "మొగుడింటికి పోలేని దాని మాదిరి" అంది. ఈ వ్యాసంలో ఉన్న ఆలోచనలో సగం ఆవిడదే.

పన్నెండో రోజున కిళినొచ్చి నుంచి ఫోను వచ్చింది. తల్లి పడిపోయింది, పక్షవాతం, యాళ్‌పాణం పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. ఆ తల్లి గురించి కూడా చెప్పాలి. కొడుకు 2009 మేలో సైన్యానికి లొంగిపోయినవాళ్ళ వరసలో ఆఖరిసారి కనిపించాడు. 2017 ఫిబ్రవరిలో కిళినొచ్చి రోడ్డు పక్కన, మాయమైనవాళ్ళ తల్లులు పిల్లల ఫొటోలు పెట్టుకుని కూర్చోవడం మొదలుపెట్టారు. ఆ గుడారంలో ఈమెకొక కుర్చీ ఉండేది. చెన్నైలో కంటికట్టు విప్పగానే వెళ్ళిపోతానంది. "ఇక్కడే ఇంకో నెల ఉండమ్మా" అని కూతురు బతిమాలితే, "వాళ్ళ దగ్గర నాకు రావాల్సిన బాకీ ఉంది, వదిలి ఎక్కడికి రాను" అందట.

ఆ సాయంత్రం చెన్నైలో ఉన్న వాళ్ళ బంధువొకాయన ఫోను చేశాడు. మార్గం చెప్పాడు. చెన్నైలో శ్రీలంక డిప్యూటీ హైకమిషన్ ఉంది. పుట్టిన సర్టిఫికెట్ నకలు అక్కణ్ణుంచి తెప్పిస్తాడు. తాత్కాలికంగా ఏదో ఒక పాస్‌పోర్టు పుట్టించవచ్చు. తల్లిని చూసుకుని వచ్చాక కెనడా కాగితాల సంగతి. తంగచ్చి నా మొహంలోకి చూసింది. నేనన్నాను: "వెళ్ళు. అమ్మ కదా. కాగితాలదేముంది, తర్వాత చూసుకోవచ్చు."

ఆ మాట నేను ఎందుకన్నానన్నదే నన్ను ఇంతకాలం తిన్న ప్రశ్న. కూతురి ధర్మం, భార్య ధర్మం అన్న మాటల్ని పాతికేళ్ళుగా తరగతి గదిలో దారం దారం విప్పి చూపిస్తూ వచ్చినదాన్ని. చావు గుమ్మంలో నిలబడేసరికి నా నోట్లోంచి వచ్చింది ఆ ధర్మమే. పైగా కాగితాలదేముంది అన్నాను. ఎవరు అనగలరు ఆ మాట? నీలం రంగు పాస్‌పోర్టు, ఆధారు కార్డు, ఓటరు కార్డు బీరువాలో మూడు అరల్లో పెట్టుకున్న మనిషి అనగలదు. స్త్రీకి దేశమేమిటి, సరిహద్దులేమిటి అని సభల్లో ఎన్నిసార్లు అనుంటాను! దేశం ఉన్నవాళ్ళకే ఆ మాట అంత తేలిగ్గా వస్తుందని అప్పుడు తోచలేదు.

ఆమె వెళ్ళలేదు. కారణం నాకు ఆ రాత్రి చెప్పింది, లాయరు చెప్పిన పాఠాన్ని ఒప్పజెప్పినట్టు. ఒడంబడిక మొదటి అధికరణంలోనే శరణార్థి ఎవరో చెప్పిన తర్వాత, ఎప్పుడు శరణార్థి కాకుండా పోతారో కూడా రాసి ఉంది. అందులో మొదటిది: తన జాతీయత ఉన్న దేశపు రక్షణని తిరిగి స్వచ్ఛందంగా ఉపయోగించుకోవడం. ఆ దేశపు పాస్‌పోర్టు అడిగి తీసుకోవడం దానికి గుర్తుగా చూస్తారు. ఆ పాస్‌పోర్టు పట్టుకుని ఆ దేశానికే వెళ్తే ఇక చెప్పక్కర్లేదు. కెనడాలో 2012 డిసెంబరుకి ముందు, శాశ్వత నివాసం వచ్చాక ఇలా చేస్తే శరణార్థి హోదా పోయినా నివాసం నిలిచేది. ఆ తర్వాత మారిన చట్టం ప్రకారం నివాసం కూడా దాంతోపాటే పోతుంది. ఇల్లు, ఉద్యోగం, కూతురి బడి, అన్నీ. కూతురు కెనడాలో పుట్టిన పౌరురాలు, ఆమెనెవరూ పంపరు. తల్లిని పంపుతారు.

అంటే తల్లికీ కూతురికీ మధ్య ఎంచుకోమన్నాను నేను, ఎంచుకోమంటున్నానని తెలియకుండానే. "అమ్మ నన్ను పంపించింది అక్కా, మళ్ళీ రమ్మని కాదు" అంది తంగచ్చి. ఆ తర్వాత కాసేపటికి ఇంకో మాట అంది, కోపంగా. "నేను వెళ్తే, ఈమెకి భయం లేదు అని రాస్తారు. నాకెంత భయమో నీకు తెలుసా?"

తెలీదు. ఆ మాట దగ్గరే నేను ఆగిపోయాను, ఇప్పటికీ అక్కడే ఉన్నాను.

ఆ తర్కం ఎలా నడుస్తుందో చూడండి. భయపడి పారిపోయావు. నిజంగా భయం ఉంటే వెనక్కి వెళ్ళవు. వెళ్ళావు కాబట్టి భయం లేదు. లేదా, భయమన్నది మొదటినుంచీ అబద్ధం. ఈ వరస మనకి కొత్తా? 498ఎ కేసుల్లో (ఇప్పుడది భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షను) పోలీసుస్టేషన్లో, పెద్దమనుషుల పంచాయితీలో, కోర్టు బోనులో, చివరికి పుట్టింటి వంటగదిలో వినే మొదటి ప్రశ్న ఇదే కదా: అంత కొట్టేవాడైతే మళ్ళీ ఎందుకెళ్ళావు? దసరాకి ఎందుకెళ్ళావు? మామగారికి బాగాలేదని ఎందుకెళ్ళావు? పిల్లవాడి పుట్టినరోజుకి వెళ్ళి ఫొటోలో నవ్వుతూ నిలబడ్డావే! భయపడే మనిషి ప్రేమించదనీ, ప్రేమ కోసం వెళ్ళిన మనిషికి భయం లేదనీ ఈ ప్రశ్నలో దాగిన ఊహ. మనం ముప్ఫై ఏళ్ళుగా ఆ ఊహతో తగువులాడుతున్నాం. భయంతోనే వెళ్తుంది, భయంతోనే అన్నం వడ్డిస్తుంది, భయంతోనే తిరిగొస్తుంది అని చెప్తూ వచ్చాం. అదే ఊహ అంతర్జాతీయ చట్టంలో, మర్యాదైన భాషలో, తలెత్తుకుని కూర్చుని ఉంటుందని నాకు తట్టలేదు. మా వంటావిడకి నిమిషంలో తట్టింది.

స్వచ్ఛందంగా అన్న మాట కూడా మనకి తెలిసిందే. తన ఇష్టంతోనే అన్నమాట ఎన్ని తీర్పుల్లో చదవలేదు? తల్లి మాట పడిపోయి, కళ్ళు మాత్రం కదుపుతూ ఉందని వీడియోలో చూసిన కూతురు పాస్‌పోర్టు అడిగితే అది స్వచ్ఛందమా? బలవంతం చేసినవాడు గదిలో లేడు కాబట్టి స్వచ్ఛందమేనంటుంది చట్టం. సంబంధాలే బలవంతం చేయగలవని, ఆడవాళ్ళ జీవితాల్లో ఎక్కువ నిర్ణయాలు అలాగే జరుగుతాయని, ఒడంబడిక రాసినవాళ్ళకి తోచినట్టు లేదు. ఆ పాఠం అంతా అతడు, అతని అనే నడుస్తుంది. హింసకి కారణాలుగా జాతి, మతం, జాతీయత, సామాజిక బృందం, రాజకీయ అభిప్రాయం రాశారు, స్త్రీ అయినందువల్ల అన్నది లేదు. ఆ లోటు పూడ్చడానికి 1993లో కెనడా శరణార్థి బోర్డే మార్గదర్శకాలు తెచ్చింది, అలాంటివాటిలో తొలివి అవే. లోపలికి రావడానికి తలుపు వెడల్పు చేయాలని గుర్తించిన దేశం, బయటికి తోసే తలుపు దగ్గర మాత్రం చాలాకాలం ఆ ఊసెత్తలేదు.

ఇక్కడ అవతలివైపు వాదం కూడా నిజాయితీగా వినాలి. శరణు అన్నది శాశ్వతమైన బిరుదు కాదు. స్వదేశపు రక్షణ పోయినవాళ్ళకి ఇంకో దేశం బదులుగా ఇచ్చేది. ఆ రక్షణ తిరిగి దొరికితే బదులు అవసరం తీరుతుంది. ఏటా సెలవులకి వెళ్ళి, ఇల్లు కట్టుకుని, వ్యాపారం పెట్టి వచ్చే మనిషిని చూపించి అడిగితే నా దగ్గర జవాబు లేదు. అలాంటివాళ్ళు లేరనీ అనను. శరణార్థుల పట్ల అసహనం పెరుగుతున్న కాలంలో హోదాకి విలువ నిలవాలంటే హద్దులుండాలని తంగచ్చే వాదిస్తుంది, నాకంటే గట్టిగా. నా తగువు హద్దుతో కాదు, హద్దు దాటడాన్ని చూసే కంటితో. ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ 1979లో వెలువరించిన చేతిపుస్తకంలో, ముసలి తల్లినో జబ్బుపడ్డ తండ్రినో చూడ్డానికి వెళ్ళడం, సెలవులకీ వ్యాపారానికీ వెళ్ళడం ఒకటి కాదని చెప్పనే చెప్పారు. అయితే అది చెప్పింది శరణు ఇచ్చిన దేశపు పత్రంతో వెళ్ళినవాళ్ళ గురించి. స్వదేశపు పాస్‌పోర్టుతో వెళ్ళినవాళ్ళ విషయంలో చూపు కరుకు.

కెనడాలోనే కమాయో కేసు అని ఒకటి నడిచింది. కొలంబియా నుంచి చిన్నతనంలో కుటుంబంతో వచ్చి శరణు పొందిన అమ్మాయి. పెద్దయ్యాక కొలంబియా పాస్‌పోర్టు తీసుకుని ఆ దేశానికి వెళ్ళొచ్చింది. ఒక కారణం జబ్బుతో ఉన్న తండ్రి. అక్కడున్నన్నాళ్ళూ కాపలా మనుషుల్ని పెట్టుకుంది. అలా చేస్తే హోదా పోతుందని ఆమెకి తెలియదు. బోర్డు హోదా తీసేసింది. 2022లో ఫెడరల్ అప్పీలు కోర్టు ఆ నిర్ణయం సహేతుకం కాదంది. చూడాల్సినవేమిటో చెప్పింది: ఫలితం ఏమవుతుందో ఆ మనిషికి తెలుసా, భయపెట్టింది ప్రభుత్వమా వేరే ముఠాలా, ఎందుకు వెళ్ళారు, ఎన్నిసార్లు వెళ్ళారు, ఏ జాగ్రత్తలు తీసుకున్నారు, హోదా పోతే జీవితం ఏమవుతుంది. కాపలా పెట్టుకుని తిరగడమే భయానికి గుర్తు కావచ్చని ఒప్పుకోవడం చిన్న విషయం కాదు. అత్తారింటికి వెళ్తూ పక్కింటావిడకి చెప్పి, ఫోను చార్జి చేసుకుని, తలుపు గడియ వేయకుండా పడుకున్న కోడలి భయాన్ని ఒక కోర్టు గుర్తించినట్టుంది నాకు. తంగచ్చి విషయంలో భయపెట్టింది ప్రభుత్వమే. పైగా ఫలితం ఏమవుతుందో ఆమెకి బాగా తెలుసు. తెలిసినవాళ్ళకి ఆ తీర్పు ఎంతవరకు ఆసరా అవుతుందో అనుమానమే. మూడేళ్ళ తర్వాత వచ్చిన తీర్పు ఆ రాత్రికి ఎలాగూ పనికిరాదు.

హన్నా ఆరెంట్ 1933లో జర్మనీ వదిలి, 1951లో అమెరికా పౌరురాలయ్యేదాకా పద్ధెనిమిదేళ్ళు దేశం లేకుండా బతికింది. సర్వాధికారవాదపు పుట్టుక మీద ఆమె పెద్ద పుస్తకం వచ్చిందీ, జెనీవా ఒడంబడిక కుదిరిందీ ఆ ఏడాదే. మనిషి అన్న ఒక్క అర్హత తప్ప ఏమీ మిగలనివాళ్ళకి మానవ హక్కులు అక్కరకి రాలేదని, అన్నిటికంటే ముందు కావాల్సింది మన మాట లెక్కలోకి వచ్చే ఒక సమాజంలో చోటు అని ఆమె వాదన. దాన్ని ఏళ్ళ తరబడి ఎం.ఏ. పిల్లలకి చెప్పాను. ఆ ఫిబ్రవరిలో అది నాకు సగం నిజంగా కనిపించింది. ఎందుకంటే తల్లి పౌరురాలే. పాస్‌పోర్టుంది, ఓటుంది. రెండేళ్ళు రోడ్డు పక్కన కూర్చుని నా కొడుకెక్కడని అడిగింది. ఆమె మాట ఏ లెక్కలోకి వచ్చింది? కూతురు అడగలేని చోట ఉంది, తల్లి అడిగినా జవాబు రాని చోట ఉంది. ఈ రెండిట్లో ఏది నయమో నేను తేల్చలేను. తంగచ్చి మాత్రం అమ్మదే నయం అంటుంది. "ఆమె వాళ్ళ మొహం మీద అడిగింది" అంటుంది.

మా నాయనమ్మ కూడా కాగితం లేకుండా సరిహద్దు దాటినదే. రంగూన్‌లో మనవాళ్ళని కొరంగీలనేవారు. 1942లో జపాన్ బాంబులకి బయల్దేరి కొండలూ అడవులూ నడిచి వచ్చినవాళ్ళలో ఆమె ఒకతె. దారిలో పోయిన చంటిపిల్ల గురించి చెప్పేదిగానీ, ఏ దేశమని ఎవరన్నా అడిగారా అన్నది ఎప్పుడూ చెప్పలేదు. నేనూ అడగలేదు. విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంపు పక్కనుంచి ఎన్నిసార్లు వెళ్ళినా ఆ ప్రశ్న రాలేదు నాకు.

తల్లి పదిహేడో రోజున పోయింది. తంగచ్చి మా హాల్లో సోఫా మీద కూర్చుని ఫోన్లో అంత్యక్రియలు చూసింది. కొడుకు లేని చితికి మేనల్లుడు నిప్పు పెట్టాడు. గుడారంలోని ఆడవాళ్ళు ఆమె పట్టుకు కూర్చునే ఫొటో తెచ్చి పక్కన నిలబెట్టారు. నెట్ మధ్యమధ్యలో ఆగిపోయేది. ఆగినప్పుడల్లా ఆమె ఆ ఆగిన బొమ్మనే చూసేది. నేను కాఫీ కలిపి తెచ్చాను, అదెవరూ తాగలేదు. ఆ తర్వాత చాలా రోజులకి నాకర్థమైన సంగతి ఒకటుంది. సంచి పోకపోయినా ఆమె వెళ్ళగలిగేది కాదు. పోయిన పుస్తకం భద్రంగా ఉన్నా, ఆ ఒక్క దేశానికి అది చెల్లదు. దొంగ మీద మేం పోసిన కోపమంతా తప్పు చిరునామాకి పోయింది.

ఇరవైనాలుగో రోజున కాగితం వచ్చింది. ఒక్క ప్రయాణానికి. ఎగ్జిట్ పర్మిట్ ఇంకో నాలుగు రోజులు. విమానాశ్రయంలో కౌంటరు దగ్గరున్న అమ్మాయి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. సరైన పత్రాలు లేనివాళ్ళని ఎక్కిస్తే విమాన సంస్థకి జరిమానా పడుతుంది. అందుకని ఆ పాతికేళ్ళ అమ్మాయే ఆ పూట కెనడా సరిహద్దు. సూపర్‌వైజరు వచ్చాడు, ఎవరికో ఫోన్లు చేశాడు, గంటన్నర నిలబెట్టారు. తంగచ్చి చాలా ప్రశాంతంగా నిలబడింది. "బాధ కనిపించనీకూడదక్కా. ఏడ్చేవాళ్ళ కాగితాలు రెండోసారి చూస్తారు" అంది. ఎక్కడ నేర్చుకుందో అడగలేదు.

అప్పటిదాకా పౌరసత్వానికి ఎందుకు దరఖాస్తు పెట్టుకోలేదని నేను అడిగినప్పుడు 630 డాలర్లు అంది ముందు. తర్వాత, ఆ ప్రమాణం చేస్తే ఇంటికి వెళ్ళనని ఒప్పుకున్నట్టవుతుందనిపించింది అంది. నిజానికి జరిగేది దానికి తిరగబడి ఉంది. పౌరసత్వం వచ్చినవాళ్ళకి శరణార్థి హోదా అవసరమే ఉండదు కాబట్టి, వాళ్ళు ఎక్కడికి వెళ్ళినా భయం ఉందా లేదా అని ఎవరూ అడగరు. ఆమె 2022లో ప్రమాణం చేసింది. 2023 ఆగస్టులో కూతుర్ని తీసుకుని కిళినొచ్చి వెళ్ళింది.

నేను మూర్ఖంగా అడిగాను, "ఇప్పుడు భయం లేదా?" అని. కొలంబో విమానాశ్రయంలో కొత్త పాస్‌పోర్టులో పుట్టిన ఊరి పేరు చదివి అధికారి తలెత్తి చూసినప్పుడు కాళ్ళు వణికాయని, కూతురు కనిపెట్టి చెయ్యి పట్టుకుందని చెప్పింది. అమ్మ కుర్చీలో ఒక పూట కూర్చున్నానంది. ఫొటో పట్టుకోవడానికి మాత్రం అక్కడి ఆడవాళ్ళు ఒప్పుకోలేదట. పరాయి పాస్‌పోర్టున్న దానివి, ఎవరన్నా ఫొటో తీస్తే వీసా చిక్కవుతుంది, పిల్ల ఉంది, వద్దన్నారట. "వాళ్ళు చెప్పింది కరెక్టే అక్కా" అంది, ఇంకేదో అనబోయి ఆగి.

ఆమె పాత పుస్తకం జిరాక్సు ఇప్పటికీ నా బీరువాలో ఉంది. చించెయ్యమంటావా అని మొన్న ఫోన్లో అడిగాను. ఉండనీ అంది.